డ్రైవర్ మారిస్తే స్లైస్ పోదు: కార్డు గీకే ముందు జేబులో ఫోన్ బయటికి తీయండి

మా అనంతపురంలో డ్రైవర్ అంటే బస్సు డ్రైవరే గుర్తొస్తాడు. ఈ సైట్ చదివే మీలో చాలామందికి గ్రాఫిక్స్ కార్డ్ డ్రైవర్ గుర్తొస్తుంది. ఈరోజు మాట్లాడుకునేది ఈ రెండూ కాదు, గోల్ఫ్ డ్రైవర్ గురించి. బ్యాగులో అన్నిటికంటే పొడవైన క్లబ్ అది. మొదటి షాట్‌లో బంతిని వీలైనంత దూరం పంపడానికి వాడతారు. కొత్తగా ఆడేవాళ్ళను ఎక్కువగా ఏడిపించేదీ అదే. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళు కొడితే బంతి బాగానే బయల్దేరి, గాల్లో అరటికాయలా కుడివైపు వంగి, ఎక్కడో పొదల్లో తేలుతుంది. దీన్నే స్లైస్ అంటారు.

దీనికి మార్కెట్ ఇచ్చే మందు 'యాంటీ స్లైస్' డ్రైవర్. ఒక మంచి ఫ్లాగ్‌షిప్ ఫోన్ ధర, పైగా నో కాస్ట్ ఈఎంఐ. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. స్లైస్ అనేది హార్డ్‌వేర్ ప్రాబ్లం అయ్యే సందర్భాలు తక్కువ. అసలు మీ ప్రాబ్లం ఏంటో కొలవకుండా డ్రైవర్ కొనడం అంటే, నెట్ స్లోగా ఉందని రౌటర్ చూడకుండా కొత్త ఫోన్ కొన్నట్టే. ఆ కొలిచే పనిలో మొదటి సగం మీ జేబులో ఉన్న ఫోన్ చేసి పెడుతుంది.

అనంతపురంలో గోల్ఫ్ ఏంటి బాసూ?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం మాది. శెనక్కాయ పంటకే నీళ్ళు చాలని చోట పచ్చగడ్డి కోర్సు పెంచమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. మన దేశంలో నీళ్ళు లేని చోట్ల ఒకప్పుడు గడ్డి గ్రీన్‌కి బదులు నూనె కలిపిన ఇసుకతో 'బ్రౌన్స్' చేసి ఆడేవాళ్ళు. అంటే ఈ ఆటకి పచ్చదనం తప్పనిసరేం కాదు.

ఆటలు మాకు కొత్తేం కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డీటీ పుణ్యమా అని ఇక్కడ క్రికెట్, హాకీ మైదానాలు వచ్చాయి. 2010లో రఫేల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూల్ కూడా వచ్చింది. గోల్ఫ్ మాత్రం మా పిల్లలకి సాధారణంగా బెంగళూరు ఉద్యోగాలతో పరిచయం అవుతుంది. ఎన్‌హెచ్ 44 మీద రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆఫీసు వాళ్ళతో డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్తారు, నాలుగు బంతులు బాగా తగులుతాయి, పిచ్చి పట్టుకుంటుంది. పండక్కి ఇంటికొచ్చినప్పుడు మిద్దె మీద నెట్ కట్టుకుని కొడతారు. నేనూ ఆ బాపతే.

కోర్సు దగ్గర్లో లేకపోవడం వల్ల ఒక చిక్కుంది. నెలకోసారి దొరికే ప్రాక్టీస్‌లో బంతి వంగితే, తప్పు ఎక్కడుందో ఓపిగ్గా వెతికే టైం ఉండదు. అప్పుడే కొనుగోలు బటన్ మీదకి చెయ్యి పోతుంది. మా చిన్నాన్న కొడుకు పోయిన వేసవిలో సరిగ్గా ఆ పాయింట్‌లోనే నాకు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఈ డ్రైవర్ తీసుకుంటే స్లైస్ పోతాదా? ఈఎంఐ ఉందంట." వాడిది ఉద్యోగంలో మొదటి ఏడాది. ఇంటికి డబ్బు పంపాలి, చెల్లెలి ఫీజు కట్టాలి. "తొందరపడొద్దప్పా, ముందు బాల్ యాడ తగలతాందో చూద్దాం" అన్నాను. ఏం చూశామో కింద చెప్తా. ముందు కాస్త ఫిజిక్స్.

ఇంతకీ బంతి ఎందుకు వంగుతుంది?

స్పిన్నర్ వేసిన బంతి గాల్లో డ్రిఫ్ట్ అవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అదే, మాగ్నస్ ఎఫెక్ట్. తిరిగే బంతి గాలిని ఒక పక్కకి నెడుతుంది, గాలి బంతిని రెండో పక్కకి నెడుతుంది. గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాముల లోపే కాబట్టి ఆ తోపుకి బాగా లొంగుతుంది.

ఆ స్పిన్ ఎలా వస్తుందో తెలియాలంటే రెండు విషయాలు వేరుగా చూడాలి. ఒకటి క్లబ్ ముఖం, అంటే బంతిని తాకే క్షణంలో క్లబ్ ఫేస్ ఎటు చూస్తోంది. రెండోది క్లబ్ దారి, అంటే ఆ క్షణంలో క్లబ్ తల ఎటు కదులుతోంది. బంతి ఎటు బయల్దేరాలో ఎక్కువగా ముఖమే నిర్ణయిస్తుంది. డ్రైవర్‌తో అయితే నాలుగింట మూడొంతుల పైనే దానిదే. ఎంత వంగాలో మాత్రం ముఖానికీ దారికీ మధ్య ఉన్న తేడా నిర్ణయిస్తుంది.

చాలాకాలం కోచ్‌లు దీన్ని తిరగేసి చెప్పేవాళ్ళు. బంతి దారి వెంట బయల్దేరి, తర్వాత ముఖం చూసే వైపు వంగుతుందని. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ లాంటి కంపెనీల డాప్లర్ రాడార్లు వచ్చాక ఈ లెక్క అందరికీ స్పష్టమైంది. ఒక గ్యాడ్జెట్ ఒక ఆట పాఠాన్నే మార్చేసిందంటే ఇదే.

మరి ఐరన్ క్లబ్‌తో ఒద్దికగా ఉండే బంతి డ్రైవర్‌తో ఎందుకు తప్పుదారి పడుతుంది? డ్రైవర్ ముఖం వాలు, అంటే లాఫ్ట్, తొమ్మిది నుంచి పన్నెండు డిగ్రీలే. లాఫ్ట్ తగ్గేకొద్దీ అదే చిన్న తప్పుకి స్పిన్ అక్షం ఎక్కువ పక్కకి వాలిపోతుంది. పైగా బంతి గాల్లో ఎక్కువ దూరం పోతుంది కాబట్టి వంగడానికి టైం కూడా ఎక్కువ. మీ ఐరన్‌లోనూ అదే తప్పు ఉంది, కనబడట్లేదంతే.

ఇంకో విలన్ కూడా ఉంది. బంతి క్లబ్ ముఖం మధ్యలో కాకుండా హీల్ వైపు, అంటే కడ్డీకి దగ్గరగా తగిలితే, గేర్ ఎఫెక్ట్ వల్ల దానంతట అదే స్లైస్ స్పిన్ వస్తుంది. ముఖం, దారి రెండూ సరిగ్గా ఉన్నా సరే బంతి వంగుతుంది.

ఫోన్ ఏం చూడగలదు, ఏం చూడలేదు

ఇక మన ఏరియాకి వద్దాం. కొత్తగా ఆడేవాళ్ళ డ్రైవర్ తల వేగం సెకనుకి 40 మీటర్లు అనుకుందాం. గంటకి 144 కిలోమీటర్లు, ఒక ఫాస్ట్ బౌలర్ వేగం. మీ ఫోన్ 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య ఆ తల దాదాపు 17 సెంటీమీటర్లు కదిలిపోతుంది. బంతీ క్లబ్బూ కలిసి ఉండేది సుమారు అర మిల్లీసెకను. కాబట్టి ఇంపాక్ట్ మీ వీడియోలో పడటం లాటరీ. 960 ఎఫ్‌పీఎస్ అని డబ్బా మీద రాసి ఉన్నా నాలుగు సెంటీమీటర్ల గ్యాప్ ఉంటుంది. పైగా చాలా ఫోన్లలో అది సాఫ్ట్‌వేర్ మధ్యలో ఊహించి నింపే ఫ్రేములే.

అంటే క్లబ్ ముఖం ఇంపాక్ట్‌లో ఎన్ని డిగ్రీలు తెరిచి ఉందో ఫోన్ చెప్పలేదు. చెప్తానన్న యాప్‌ని నేను నమ్మను. కానీ బంతి ఎటు బయల్దేరిందో, తర్వాత ఎటు వంగిందో ఫోన్ భేషుగ్గా చూపిస్తుంది. ఆ రెండూ తెలిస్తే ముఖం, దారి వెనక్కి లెక్కేసుకోవచ్చు. షూట్ చేసేటప్పుడు ఇవి చూసుకోండి:

- ఫోన్‌ని మీ వెనక, లక్ష్యం గీతకు సమాంతరంగా, మీ చేతుల ఎత్తులో స్టాండ్ మీద పెట్టండి. చేత్తో పట్టుకుని తీయించుకుంటే కోణం ప్రతిసారీ మారిపోతుంది.
- మెయిన్ కెమెరా 1ఎక్స్ వాడండి. అల్ట్రావైడ్ అంచుల్ని సాగదీసి దారిని వంకరగా చూపిస్తుంది.
- ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/4000కి పెట్టండి. అప్పుడు బ్లర్ ఒక సెంటీమీటర్‌కి తగ్గుతుంది. 1/250 అయితే పదహారు సెంటీమీటర్ల పొగే కనబడుతుంది. ఫాస్ట్ షట్టర్‌కి వెలుతురు కావాలి. ఆ ఒక్కటి మాత్రం మా జిల్లాలో ఫ్రీ.
- వీడియోలో కడ్డీ విల్లులా వంగినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. సెన్సర్ వరుసవరుసగా చదవడం వల్ల వచ్చే రోలింగ్ షట్టర్ మాయ అది. దాన్ని చూసి "షాఫ్ట్ మెత్తగా ఉంది" అని కొత్త షాఫ్ట్ ఆర్డర్ పెట్టొద్దు.
- మా దగ్గర వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో స్లో మోషన్ తీస్తే ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది. పొద్దున్నే తీయండి.

పొద్దున్నే తీయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మా దగ్గర గాలి జోరుగా ఉంటుంది. ఎదురుగాలిలో ప్రతి స్లైస్ ఇంకా పెద్దదిగా కనబడుతుంది. గాలి లేనప్పుడు ఒకే దిక్కుకి పది బంతులు కొట్టి చూస్తేనే అది మీ తప్పా, గాలి తప్పా అన్నది తేలుతుంది. డ్రైవర్ బంతి గంటకి రెండొందల కిలోమీటర్లు దాటగలదు. నెట్ లేకుండా, మనుషులూ గొర్రెలూ తిరిగే బీళ్ళలో కొట్టొద్దు. వంపు చూడాలంటే రేంజ్‌లో తీయండి, ఇంటి నెట్‌లో బయల్దేరే దిశ మాత్రం చూసుకోండి.

పది బంతులు అయ్యాక ఇలా చదువుకోండి. బంతి ఎడమకి బయల్దేరి కుడికి వంగితే, దారి బాగా ఎడమకి కోస్తోంది. నేరుగా బయల్దేరి కుడికి వంగితే, ముఖం ఓకే, దారే ఎడమకి పోతోంది. కుడికే బయల్దేరి ఇంకా కుడికి పోతే, ముఖం తెరుచుకుని ఉంది. మూడింటికీ బయట ఒకే పేరు, స్లైస్. కానీ మందు వేరు.

చేత్తో సరిచేసేవి, ఖర్చు లేనివి

మొదట తగిలే చోటు. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. తగిలిన చోట క్లబ్ ముఖం మీద మరక పడుతుంది. మా తమ్ముడి కథ ఇక్కడే తేలింది. పది మరకల్లో ఏడు హీల్ పక్కనే. వాడు బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నాడు. రెండంగుళాలు వెనక్కి జరిగాక మరకలు మధ్యలోకి వచ్చాయి. వంపు పూర్తిగా పోలేదు గానీ బంతులు పొదల్లోంచి మైదానంలోకి వచ్చాయి. ఖర్చు ఒక మార్కర్.

ముఖం తెరుచుకుంటే పట్టు చూడండి. కుడిచేతి వాటం వాళ్ళు ఎడమచేతి పట్టుని కాస్త కుడివైపు తిప్పాలి. పైనుంచి చూస్తే ఎడమ పిడికిలి మెటికలు రెండు, మూడు కనబడాలి. ఒక్కటే కనబడితే ముఖం తెరుచుకోవడానికి మీరే తలుపు తీసి పెట్టినట్టు. కొత్త పట్టు వారం పాటు చిరాగ్గా ఉంటుంది. కొత్త కీబోర్డ్ కూడా అంతే కదా.

దారి ఎడమకి కోస్తుంటే దాని మూలం చాలామందిలో మన గల్లీ క్రికెట్టే అని నా అనుమానం. టెన్నిస్ బాల్‌తో ప్రతి బంతినీ మిడ్‌వికెట్ మీదకి లాగి పెరిగిన చేతులివి. గోల్ఫ్‌లో కూడా భుజాన్ని ముందుకి తోసి, బయటి నుంచి లోపలికి కోస్తాం. దానికి విరుగుడు కూడా క్రికెట్‌లోనే ఉంది. ఎక్స్‌ట్రా కవర్ మీదుగా ఇన్‌సైడ్ అవుట్ షాట్ ఆడుతున్నట్టు ఊహించుకోండి. బంతికి అవతలి పక్క నాలుగైదు అంగుళాల దూరంలో, ఒక అడుగు వెనక ఖాళీ అట్టపెట్టె పెట్టండి. బయటి నుంచి వచ్చే క్లబ్ పెట్టెని కొట్టి మరీ చెప్తుంది. సగం వేగంతో మొదలుపెట్టండి.

నిలబడే తీరు. డ్రైవర్‌కి బంతి ఎడమ మడమ ఎదురుగా ఉండాలి. ఇంకా ముందుకి పెడితే భుజాలు ఎడమకి తెరుచుకుని దారి కూడా అటే పోతుంది. ఇక్కడ స్లైసర్లందరూ పడే గుంట ఒకటుంది. బంతి కుడికి పోతోందని ఎడమకి గురిపెడతారు. దాంతో దారి ఇంకా ఎడమకి పోయి, ముఖానికీ దారికీ తేడా పెరిగి, వంపు ఇంకా పెరుగుతుంది. జబ్బుని పెంచే మందు అది.

మరి కంపెనీలు చెప్పేదంతా అబద్ధమా?

కాదు. 2008 నుంచి నిబంధనలు అడ్జస్ట్ చేసుకునే డ్రైవర్లకి ఒప్పుకున్నాయి. బరువుని హీల్ వైపు జరిపితే ముఖం కాస్త సులువుగా మూసుకుంటుంది. లాఫ్ట్ పెంచితే స్పిన్ అక్షం వాలు తగ్గుతుంది. ఈ రెండూ నిజమే. నన్నడిగితే కొత్తవాళ్ళకి తొమ్మిది కంటే పన్నెండు డిగ్రీల డ్రైవర్ మంచిది. అది సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతుంది. కానీ ఇవన్నీ ముఖాన్ని కొద్దిగా సర్దుతాయి, మీ దారిని మార్చలేవు. తల సైజుకి 460 సీసీ పరిమితి ఉంది, ముఖం స్ప్రింగ్ గుణానికీ పరిమితి ఉంది. అందుకే ఏటా వచ్చే కొత్త మోడల్‌లో మార్పు, మన ఫోన్ల 'ప్రో' నుంచి 'ప్రో ప్లస్' లాంటిదే ఎక్కువ.

నిజంగా స్లైస్ తగ్గించే గ్యాడ్జెట్ చరిత్రలో ఒకటి వచ్చింది. 1970లలో పొలారా అనే బంతి. దాని మీద గుంటల్ని కావాలనే అసమానంగా పెట్టారు. సరిగ్గా పెట్టి కొడితే వంపు తగ్గేది. అమెరికా గోల్ఫ్ సంఘం బంతి అన్ని పక్కలా ఒకేలా ఎగరాలని రూల్ తెచ్చి దాన్ని పోటీల నుంచి బయటికి పంపింది. సరదాకి ఆడుకోవచ్చు. కానీ అది మీ తప్పుని దాచిపెడుతుంది, తీసెయ్యదు.

ఏఐ స్వింగ్ యాప్‌ల మీద ఒక మాట

మీ వీడియో మీద ఎముకల గూడులా గీతలు గీసి, పక్కన ఒక ప్రొఫెషనల్ ఆటగాడిని పెట్టి "మీ స్కోర్ 62" అనే యాప్‌లు వస్తున్నాయి. చూడ్డానికి బాగుంటాయి. కానీ అవి కీళ్ళని అంచనా వేస్తాయి, క్లబ్ ముఖాన్ని కాదు. స్లైస్ పుట్టేదేమో ముఖం దగ్గర. పైగా అందరికీ ఒకే అచ్చు ఎందుకు? హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళిన తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగలకి వెన్నెముక వంపు, అంటే స్కోలియోసిస్ ఉంది. తన ఒంటికి కుదిరిన స్వింగ్‌తోనే 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి, పీజీఏ టూర్ విజేత అయ్యాడు. అతన్ని ఒక అచ్చులో కూర్చోబెట్టాలని చూస్తే ఏమయ్యేదో ఆలోచించండి. బంతి ఏం చేసిందో చూడండి, ఫొటో ఎలా ఉందో కాదు.

లాంచ్ మానిటర్ కొనాలా?

ఫోన్‌తో రెండు నెలలు చేశాక కూడా తెగకపోతే అంకెలు కావాలి. టాప్ మోడల్ ట్రాక్‌మ్యాన్ 20 వేల డాలర్ల పైమాటే. 2021లో గార్మిన్ ఆర్10 సుమారు 600 డాలర్లకి వచ్చాక ఇంట్లో వాడుకునేవాళ్ళకి దారి దొరికింది. అయితే చౌక పరికరాల్లో కొన్ని అంకెలు కొలిచినవి, కొన్ని లెక్కకట్టినవి. రాడార్‌కి బంతి ఎగరడం కనబడాలి. రెండు మీటర్లలో నెట్ ఉంటే స్పిన్ విషయంలో అది చాలావరకు ఊహిస్తుంది. కొనేముందు ఏది కొలుస్తుంది, ఏది లెక్కేస్తుంది అని స్పెసిఫికేషన్ షీట్‌లో చూడండి.

ఇక్కడ మా జిల్లాకి ఒక ఐడియా. పెనుకొండకి కియా 2019లో కారు ఫ్యాక్టరీ తెచ్చింది. ఆ కియా పుట్టిన కొరియాలో స్థలం తక్కువ, ఆడేవాళ్ళు ఎక్కువ. అందుకే 2000లో మొదలైన గోల్ఫ్‌జోన్ లాంటి కంపెనీలు గదిలో తెరమీద ఆడే స్క్రీన్ గోల్ఫ్‌ని వీధివీధికీ తీసుకెళ్ళాయి. దానికి చుక్క నీళ్ళు అక్కర్లేదు. కరువు సీమకి సరిపోయే గోల్ఫ్ ఏదైనా ఉందంటే అదే. పదిమంది తలా ఒక కొత్త డ్రైవర్ కొనే బదులు, అందులో కొంచెం డబ్బు కలిపి ఒక లాంచ్ మానిటర్, ఒక మంచి నెట్ పెట్టుకుంటే చాలు. పొలానికి ట్రాక్టర్‌ని గంటల లెక్కన తెచ్చుకుంటాం కదా, ఇదీ అంతే.

నా ఫైనల్ మాట

స్లైస్ పూర్తిగా సున్నా అవ్వాల్సిన పని కూడా లేదు. జాక్ నిక్లాస్ అంతటివాడు కుడికి మెల్లగా వంగే ఫేడ్‌తోనే ఆడాడు. అదే వంపు ఎంతుంటుందో ముందే తెలిస్తే అది ఫేడ్, తెలియకపోతే స్లైస్. ఆ తెలియడం అనేది డబ్బాలో రాదు. ఒక మార్కర్, ఒక అట్టపెట్టె, ఒక ఫోన్ స్టాండ్, ఒక నెల ఓపిక పెట్టండి. మరకలు మధ్యలోకి వచ్చి, బంతి నేరుగా బయల్దేరుతూ, ఇంకా వంగుతుంటే అప్పుడు షాపుకి వెళ్ళండి. అప్పుడు ఏ లాఫ్ట్ కావాలో, ఏ బరువు ఎటు జరపాలో అమ్మేవాడికి మీరే చెప్తారు.